పలుపు లేకుండా ఆవు కోసం వెళ్ళిన రోజు

విశాఖలో ఉద్యోగం వదిలి, పిఠాపురం దగ్గర ఎకరం నేల కొనుక్కుని, నేనూ మా ఆవిడ రమణీ అక్కడికి చేరి ఇది రెండో ఏడు. మా తిండి మేమే పండించుకోవాలన్నది మా పట్టుదల. బియ్యం మావే. వంకాయలూ బెండకాయలూ ఇరుగుపొరుగుకి పంచేటన్ని కాస్తున్నాయి. కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. కానీ రోజూ పొద్దున్నే కొట్టుకి వెళ్ళి పాల ప్యాకెట్టు తెచ్చుకుని, కత్తెరతో దాని మూల కత్తిరిస్తుంటే నాకు ఎక్కడలేని సిగ్గూ వచ్చేది. ప్రయత్నించలేదని కాదు. కిందటేడు సంతలో ఒక ఆవుని కొన్నాం. ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ అది మా చేతికి చేపలేదు. చేపడం అంటే, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఆవు తన ఇష్టంతో పాలు కిందికి దింపడం. దానికి ఇష్టం లేకపోతే పొదుగు ఎంత నిండుగా ఉన్నా చెంబులో చుక్క పడదు. నెల తిరక్కుండానే ఒట్టిపోయింది. పచ్చిక బాగా ఉన్న బంధువుల ఇంటికి దాన్ని పంపేసిన రోజు రమణి వాకిట్లో కూర్చుని ఏడ్చింది. “ఇంకొక్కసారి చూద్దామండి. అదీ కుదరకపోతే ఇక మనింట్లో పశువు మాట ఎత్తొద్దు” అంది. ఈ ప్రయాణం ఆ ఇంకొక్కసారి కోసం.

రమణి స్నేహితురాలి ద్వారా మంగతాయారు గారి సంగతి తెలిసింది. ఎదుర్లంక వంతెన దిగి మురమళ్ల దాటాక, గోదావరి గట్టు వైపు ఉన్న ఒక చిన్న ఊరు వాళ్ళది. కాలవ రేవులో జారిపడి ఆవిడ కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పినా పిడికిలి బిగియడం లేదు, అంటే పాలు తీయడం ఇక అయ్యే పని కాదు. అందుకని ఆవునీ, దాని పెయ్యనీ ఎవరికైనా ఇంట్లో ఉంచుకునేవాళ్ళకి ఇచ్చేయాలనుకున్నారు. ఫోనులో బేరం రెండు మాటల్లో తేలిపోయింది. చివర్లో ఆవిడ ఒక షరతు పెట్టారు. “మీ చేతికి చేపితేనే పంపుతానండి. లేపోతే ఖాళీ బండితో వెళ్ళిపోవాల్సిందే. ముందే చెప్పేను, తర్వాత ఏమీ అనుకోకూడదు మరి.” నేను సరేనన్నాను గానీ, చేపించడమే నాకు రాని విద్య.

మార్చి మొదటి వారంలో ఒక ఆదివారం, తెల్లవారుజామున ఐదున్నరకి బయల్దేరాం. మినీ వ్యాను మా ఊరి నూకరాజుది. రానూపోనూ, వెయిటింగుతో కలిపి నాలుగు వేలు మాట్లాడుకున్నాం. పశువు కాళ్ళు జారకుండా అతను వెనక అడుగున ఇసక పోసి, పైన వరిగడ్డి పరిచి తెచ్చాడు. పిఠాపురం నుంచి కాకినాడ, తాళ్ళరేవు, యానాం మీదుగా వెళ్తే ఆపకుండా నడిపితే రెండు గంటల లోపే. తాళ్ళరేవులో ఇడ్లీలు తిన్నాం. యానాం వచ్చేసరికి నూకరాజు బండి వేగం దానంతటదే తగ్గింది. “ఒక్క ఐదు నిమిషాలండి, మా బావమరిది ఏదో తెమ్మన్నాడు” అన్నాడు. ఆ ‘ఏదో’ ఏమిటో చుట్టుపక్కల అందరికీ తెలిసిందే, అక్కడ మందు చవక. తిరుగు ప్రయాణంలో వెనక గర్భాలయంలో అమ్మవారిలా ఆవు ఉంటుందని, అప్పుడు సీసాల శబ్దం బాగుండదని నచ్చజెప్పి ముందుకి కదిలించాను. వంతెన ఎక్కేసరికి ఎండ ఇంకా లేతగా ఉంది. కింద గోదావరి పాయ గౌతమి నిండుగా, తొందరేమీ లేనట్టు సముద్రం వైపు పోతోంది.

మంగతాయారు గారు రోడ్డు మీదికే వచ్చి నిలబడ్డారు. యాభై దాటిన మనిషి, మాట ఆగని మనిషి. బండి దిగేలోపే మా ఊళ్ళో వానలు, రమణి ఆరోగ్యం, దారిలో తిన్న ఇడ్లీలు అన్నీ అడిగేసి, కొన్నింటికి జవాబు కూడా తనే చెప్పేసుకున్నారు. నన్ను తమ్ముడుగారూ అని పిలిచారు. ఆ వరసన ఆవిడ భర్త సత్తిబాబు గారు నాకు బావగారయ్యారు. కొబ్బరి తోట మధ్యలో పెంకుటిల్లు, పక్కన గడ్డిమేటు, దాని నీడన పశువుల పాక. పాకలో తెల్లటి ఆవు, చెవుల కొసలు మాత్రం నలుపు. పేరు బుల్లెమ్మ. పెయ్య దాని పక్కనే గంతులేస్తోంది. “పొద్దున్న పాలు మీకోసమే ఆపేనండి. కానివ్వండి మరి” అని చెంబు నా చేతిలో పెట్టారు.

పెయ్యని కాసేపు తాగనిచ్చి, పక్కకి లాగి కట్టి, నేను గొంతుక్కూర్చున్నాను. బుల్లెమ్మ మెడ తిప్పి నా ప్యాంటునీ నన్నూ ఓసారి చూసింది. అంతే, పొదుగు బిగిసిపోయింది. రెండుసార్లు లాగి చూశాను. మూడోసారికి చెంబు ఒక మూల, నేను ఒక మూల. నూకరాజు పగలబడి నవ్వాడు. మంగతాయారు గారు నవ్వలేదు. ఆవిడ మొహంలో భయం నాకు కనిపించింది. “ఇదేనండి నా దిగులు. నా చెయ్యి మూలపడిందని తెలిసి సంత బేరగాళ్ళు అప్పుడే రెండుసార్లు వచ్చేరు. చేపని ఆవు వాళ్ళ చేతిలో ఎన్నాళ్ళుంటుందండి? అక్కడ్నించి ఎక్కడికి పోతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు” అన్నారు. ఆ మాటతో నా భయం, ఆవిడ భయం ఒకటే అయిపోయాయి.

ఇంతలో సత్తిబాబు గారు లోపలికి వెళ్ళి, లుంగీ మీద ఆవిడ పాత నూలు చీర చుట్టుకుని, కొంగు తలమీద వేసుకుని వచ్చారు. గుబురు మీసం, ఆకుపచ్చ చీర. ఈసారి నేనూ ఆపుకోలేకపోయాను. “నవ్వండి, నవ్వండి. నెల్లాళ్ళ నుంచి ఇదే నా వేషం. లుంగీతో వెళ్తే తన్నుద్ది, ఆవిడ చీరతో వెళ్తే ఊరుకుంటది. రోజూ రెండు పూటలా ఈ వేషం ఎన్నాళ్ళండి? సాయంత్రం మీ వంతు బావగారూ” అన్నారు. ఆయన కూర్చోగానే ఆవిడ ఆవు మెడ దగ్గర నిలబడి కబుర్లు మొదలుపెట్టారు. చింతపండు ధర, పక్కింటి కోడలి నోరు, పంచాయతీ కుళాయిలో నీళ్ళు రాకపోవడం. బుల్లెమ్మ చెవులు వాల్చేసింది. చెంబులో ధారలు చప్పుడు చేశాయి. చీర ఒక్కటే సరిపోదని, ఊసులు కూడా ఉండాలని అప్పుడు అర్థమైంది.

కాఫీ తాగాక బావగారు మామూలుగా అడిగారు, “పలుపు ఎక్కడుంది? బండిలోనా?” పలుపంటే పశువు మెడకి కట్టే తాడు. అది ఆవుతోపాటే వస్తుందనుకున్నానని చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “అదేంటండి తమ్ముడుగారూ! ఆవుని ఇస్తాం గానీ పలుపు ఎలా ఇస్తామండి? పశువు వెళ్ళినా దాని పలుపు ఇంట్లో ఉండాలి. అది కూడా పోతే ఈ పాకలో ఇంకో పశువు నిలవదు” అన్నారావిడ. కొనేవాడు తన తాడు తను తెచ్చుకోవాలని ఈ చుట్టుపక్కల పసిపిల్లలకి కూడా తెలుసట. పెళ్ళికి వెళ్ళి మంగళసూత్రం మీరే తెస్తారనుకున్నానన్నట్టు ఉంది నా సంగతి. మురమళ్ల వెళ్ళి నైలాన్ తాడు తెచ్చేస్తానన్నాను. “దాని మెడ ఎప్పుడూ ఎరగదండి నైలాను. ఒరుసుకుపోద్ది” అన్నారు. బావగారు పాక చూరులోంచి కొబ్బరి పీచు కట్ట దించి నా ముందు పడేశారు. “పేనేద్దాం. చేతికి పని, సాయంత్రం దాకా పొద్దూ పోద్ది. ఈ చీర చుట్టుకుని ఇక్కడే, దాని కళ్ళ ముందు కూర్చోండి. అలవాటు పడుద్ది.”

అలా ఆకుపచ్చ చీరలో గడ్డిమేటు నీడన చతికిలబడ్డాను. కాలవ నీళ్ళలో నెలల తరబడి నానబెట్టిన కొబ్బరి డొక్కల్ని చితక్కొట్టి, ఎండబెట్టి తీసిన పీచది. కొంచెం కొంచెంగా తీసి రెండు అరచేతుల మధ్య దొర్లిస్తే పురి ఎక్కుతుంది. పురి ఎక్కిన రెండు పేటల్ని కలిపి ఎదురు తిప్పితే తాడవుతుంది. చెప్పడానికి ఇంతే. నా పేట ఒకచోట బొటనవేలంత, ఒకచోట పురికొసంత వచ్చింది. బావగారిది మాత్రం గొప్పగా ఉందా అంటే, మాటల్లో ఉన్న బిగువు తాడులో లేదు. ఇద్దరం కలిసి పేనిన మొదటి పలుపుని కొబ్బరి చెట్టుకి కట్టి, నేనూ నూకరాజూ అవతలి కొస పట్టుకుని లాగాం. పుటుక్కున తెగి ఇద్దరం వెల్లకిలా పడ్డాం. మంగతాయారు గారు పడీపడీ నవ్వారు. “ఇంకా నయం, దీంతో కట్టుంటే యానాం దగ్గర దిగి మందు కొట్టుకి వెళ్ళిపోయేది” అన్నారు. నూకరాజు తల వంచేసుకున్నాడు. తరవాత అతనే చెప్పాడు, నా చీర వేషాన్ని వీడియో తీసి అప్పుడే రమణికి పంపేశానని.

రెండో పలుపుకి ఆవిడ వచ్చి పక్కన కూర్చున్నారు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడం చేత్తో నా పేటలు సర్దుతూ కూర్చున్నంతసేపూ బుల్లెమ్మ గురించే చెప్పారు. అది పుట్టిందీ ఈ పాకలోనే. వరదొచ్చి గట్టు మీద పది రోజులు కాపురం పెట్టినప్పుడు ఈ ఆవు మెడ కింద తల పెట్టుకునే నిద్రపోయానని అన్నారు. పీచు గరుకుకి నా అరచేతులు ఎర్రగా కందిపోయాయి. కానీ ఈసారి తాడు బిగువుగా వచ్చింది. లాగి చూస్తే చెట్టు కదిలింది గానీ తాడు తెగలేదు. నా చేతులతో నేను చేసిన వస్తువు ఒకటి నిజంగా పనికొస్తుందని తెలియడం ఎంత సంతోషమో, ఎకరం పొలంలోకి వచ్చాకే నాకు తెలిసింది.

మధ్యాహ్నం వంట బావగారిదే. పనసపొట్టు కూర ఆవ ఘాటుతో కళ్ళమ్మట నీళ్ళు తెప్పించింది, ఉప్పు కొంచెం ఎక్కువైంది. చివర్లో గడ్డపెరుగు. ఆవిడ వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, “ఈ ఇంట్లో దీని పెరుగు రేపటితో ఆఖరండి” అన్నారు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి చిన్న స్టీలు గిన్నెలో కొంచెం పెరుగు తీసి మూత బిగించి, నా సంచి పక్కన పెట్టారు. “చేపితే తీసుకెళ్ళండి. మీ ఇంట్లో మొదటి పాలకి ఇదే తోడు వెయ్యమనండి రమణిని. చేపకపోతే మేమే తినేస్తాం.” నవ్వుతూనే అన్నారు గానీ, గిన్నె మీద నుంచి చెయ్యి తీయలేదు కాసేపు.

నాలుగు దాటాక మళ్ళీ పాకలోకి వెళ్ళాను. చీర కట్టు బావగారే సరిచేశారు. వేళ్ళకి ఆముదం రాసుకున్నాను. మంగతాయారు గారు ఆవు దగ్గరికి రాలేదు. పాక బయట రాట పట్టుకుని నిలబడి, “నేను పలకనండి. ఊసులు కూడా మీరే చెప్పాలి” అన్నారు. మా బెండ మొక్కల గురించి మొదలుపెట్టాను. చీడ గురించి చెప్పాను. కోళ్ళ గురించి చెప్పాను. బుల్లెమ్మ తోక విదిలించింది, పొదుగు మాత్రం రాయిలాగే ఉంది. చెప్పుకోవడానికి ఏమీ మిగలక, కిందటేటి ఆవు గురించి చెప్పాను. రోజూ చెంబు పట్టుకుని దాని పక్కన కూర్చున్న సంగతీ, రమణి వాకిట్లో ఏడ్చిన సంగతీ. “నువ్వు కూడా కాదంటే మేం మళ్ళీ ప్యాకెట్టు పాలకే పోవాలమ్మా. మాకు నువ్వు కావాలి” అన్నాను. ఇంతలో నా వేళ్ళ కింద పొదుగు మెత్తబడింది. బిగిసి ఉన్న చన్ను నిండుకుని బరువెక్కడం చేతికి తెలిసింది. మొదటి ధార చెంబు అడుగున పడి మోగింది. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ రాటకి నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నారు. “చేపింది కదండీ” అన్నారు బావగారు, ఎవరితోనన్నది లేకుండా.

ఆ తరవాత అంతా తొందరగా జరిగింది. ఆవిడ బుల్లెమ్మ నుదుట పసుపూ కుంకుమా పెట్టి, బెల్లం కలిపిన అన్నం ముద్దలు తినిపించారు. మెడలో పాత పలుపు ముడి ఎడం చేత్తో విప్పబోతే రాలేదు, బావగారు సాయం పట్టారు. నేను పేనిన పలుపు కట్టాను. పాతది చుట్టచుట్టి పాక దూలానికున్న కొక్కేనికి తగిలించారు. అప్పుడు నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు, “చీర మీ దగ్గరే ఉంచుకోండి. ఉతక్కండి, నా వాసన పోద్ది. ఇంక నేను నోరు విప్పను. నా గొంతు వింటే అది అడుగు కదపదు.”

నూకరాజు వ్యాను వెనక్కి తెచ్చి గట్టుకి ఆనించాడు. పశువుని ఎక్కించడానికి బల్లలూ మెట్లూ అక్కర్లేదు, గట్టు ఎత్తూ బండి ఎత్తూ సమానంగా ఉండే చోటు చూసుకుంటే చాలు. పెయ్య ముందు ఎక్కింది. బుల్లెమ్మ గట్టు మీద ఆగిపోయింది. చెవులు నిక్కబొడుచుకుని ఇటూ అటూ చూసింది, ఏదో వినాలన్నట్టు. పొద్దుటి నుంచీ క్షణం ఆగని ఆ గొంతు ఎక్కడా లేదు. గడ్డిమేటు వెనక ఆవిడ చీర అంచు మాత్రం కనిపిస్తోంది. ఒకసారి అరిచింది బుల్లెమ్మ. జవాబు రాలేదు. మళ్ళీ అరిచింది. బావగారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను ఆకుపచ్చ కొంగు దాని ముట్టె దగ్గర పెట్టి, నోటికొచ్చిన ఊసులన్నీ చెబుతూ పలుపు పట్టుకుని ముందు నడిచాను. కాసేపటికి వెనకే వచ్చింది. బండి మలుపు తిరుగుతుండగా అద్దంలో చూశాను. ఆవిడ గడ్డిమేటు చాటు నుంచి వచ్చి, నోట్లో కొంగు కుక్కుకుని నిలబడి ఉన్నారు.

నెమ్మదిగా నడిపించమన్నాను, అందుకని ఇంటికి చేరేసరికి ఎనిమిదైంది. యానాంలో నూకరాజు బండి ఆపే ఊసే ఎత్తలేదు. నేను చీరతోనే దిగాను. రమణి హారతి పళ్ళెం పట్టుకుని ఆవుకి ఇవ్వాలో నాకు ఇవ్వాలో తెలియడం లేదంది. మర్నాడు పొద్దున్న బుల్లెమ్మ కాస్త బెట్టు చేసి, నా ఊసులు విని, చేపింది. పాలు కాగుతుండగా మంగతాయారు గారి ఫోను వచ్చింది. ఒక్కటే మాట. “చేపిందా?” చేపిందండి అక్కగారూ, అన్నాను. అటునుంచి ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఉత్సాహం పట్టలేక, ఉండండి, ఫోను దాని చెవి దగ్గర పెడతాను, మాట్లాడండి, అని పాక వైపు నడిచాను. “వద్దండీ!” అని కంగారుగా అరిచారు. “వద్దు బాబూ. నా గొంతు వింటే మళ్ళీ నాకోసం చూస్తది. మీరే దూరంగా రండి.” నేను నూతి దగ్గరికి నడిచి, దూరంగా వచ్చేశానని చెప్పాక, అప్పుడు ఆగకుండా మాట్లాడారు. రాత్రి పడుకుందా, ఏ పక్కకి పడుకుంది, నీళ్ళు తాగిందా, పెయ్య బెంగపెట్టుకుందా.

ఇది జరిగి ఇప్పటికి మూడు నెలలు. ఆవిడ ఇచ్చిన తోడుతో మొదలైన పెరుగు మా ఇంట్లో రోజూ తోడుకుంటూనే ఉంది. చీర మాసిపోయి నా వాసనే పట్టింది, ఇప్పుడది లేకపోయినా బుల్లెమ్మ చేపుతోంది. మా అవసరాలు మేమే తీర్చుకోవాలని పొలానికి వచ్చాం. కానీ మా ఇంటి పాలచెంబులో ఇంకొక ఇంటి మనిషి మౌనం ఉందని ప్రతి పొద్దునా గుర్తొస్తుంది. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా మంగతాయారు గారు రావడం లేదు. “అది నన్ను మర్చిపోయేక వస్తానండి” అంటారు. ప్రతి ఆదివారం ఫోను చేసి, “మర్చిపోయిందా?” అని అడుగుతారు. మర్చిపోయిందండి, అంటున్నాను. అది అబద్ధం. దారిన పోయే ఆడవాళ్ళెవరైనా గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తే, బుల్లెమ్మ మేత ఆపేసి చెవులు నిక్కబొడుచుకుని ఇంకా అటే చూస్తుంది.

మీరూ ఇలా ఆవు కోసం బయల్దేరుతుంటే, పశువుల డాక్టరు ఇచ్చే ఆరోగ్య పత్రమూ, ఇచ్చినవాళ్ళ సంతకమున్న కాగితమూ దగ్గర ఉంచుకోండి, దారిలో అడుగుతారు. వాటికన్నా ముందు ఒక మంచి పలుపు సంచిలో పెట్టుకోండి, కుదిరితే మీ చేత్తో పేనినదే. వాళ్ళు ఆవునిస్తారు, పెయ్యనిస్తారు, తోడుకి పెరుగిస్తారు, కట్టుకున్న చీర కూడా ఇస్తారు. ఆ పాత తాడు మాత్రం అడక్కండి. వాళ్ళకి మిగిలేది అదొక్కటే.